సత్యానందం గారి అటెండెంటు

సత్యానందం గారు అట్టపెట్టెలో వచ్చారు.

పెట్టె మీద 'తలకిందులు చేయరాదు' అని బాణం గుర్తుతో సహా రాసి ఉంది కాబట్టి హమాలీలు దాన్ని తలకిందులుగానే దించారు. గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టారు. నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ వసుంధరాదేవి మేడం పెట్టె విప్పించి, లోపల నిద్రపోతున్నట్టు పడుకున్న నిలువెత్తు రబ్బరు మనిషికి స్వహస్తాలతో కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు మళ్లీ పోలేదు. స్పిరిటుతో తుడిస్తే నుదురంతా పాకింది. సత్యానందం గారికి ఆ కాలేజీలో నమోదైన మొట్టమొదటి జబ్బు అదే: నుదుటి మీద ఎర్రటి దద్దురు.

ఆయన గుండె కొట్టుకుంటుంది. రొమ్ము పైకీ కిందికీ ఆడుతుంది. రెప్పలు వేస్తారు, దగ్గుతారు, గొంతులో దాచిన స్పీకరులోంచి అప్పుడప్పుడూ "ఐ హావ్ పెయిన్" అని ఇంగ్లీషులో మూలుగుతారు. కరెంటు ఉన్నంతసేపూ ఆయనంత చక్కటి రోగి ఉమ్మడి జిల్లాలో లేరు.

అంతకు ముందు మేడం బెంగుళూరులో ఏదో సదస్సుకు వెళ్లివచ్చారు. కొందరికి ఊరు మారితే జలుబు పట్టుకుంటుంది. ఆవిడకు వాస్తవికత పట్టుకుంది. సత్యానందం గారు వచ్చిన మర్నాడు ప్రార్థన అయ్యాక మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"సమస్త విద్యార్థినులకు తెలియజేయునది ఏమనగా, శ్రీ సత్యానందం గారిని వాస్తవ రోగిగానే పరిగణించవలెను. సమీపించునపుడు నమస్కరించవలెను. తాకుటకు పూర్వము అనుమతి కోరవలెను. బొమ్మ అను పదము ఈ ప్రాంగణమందు ఇకమీదట ఎవరి నోటను వినబడరాదు. వాస్తవికతయే మన పరమావధి."

"అనుమతి ఇవ్వకపోతేనో?" అంది రోజ్‌లిన్, పక్కనున్న ఈశ్వరి చెవిలో.

ఈశ్వరి నవ్వు ఆపుకోవడానికి నేల చూసింది. ఆమె మామూలుగానే నేలనే చూస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పిల్ల పూర్తి పేరు గేదెల తవిటేశ్వరి. కొండల కింద చిన్న ఊరు. ఊరి బళ్లో పదో తరగతి వరకూ మేష్టర్లు అడిగిన ప్రశ్నలన్నిటికీ తల ఊపే జవాబు చెప్పి, రాసిన దాంట్లో మాత్రం మొదటి మార్కులు తెచ్చుకుంది. నాయనమ్మ కాలికి పుండు పడితే ఏడాదిపాటు తనే కడిగి కట్టు కట్టింది. ఆ కట్టు చూసి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ "నువ్వు బీఎస్సీ నర్సింగు చదవ్వే" అంది. నర్సు పని చేతుల పని అనుకుని వచ్చింది ఈశ్వరి. సగం నోటి పని అని నర్సమ్మ చెప్పలేదు.

మొదటి సంవత్సరంలో 'సంభాషణా నైపుణ్యం' అని ఒక ప్రాక్టికల్ ఉంది. రోగి దగ్గరికి వెళ్లి, నమస్కారం పెట్టి, నా పేరు ఫలానా అని చెప్పి, మీకెలా ఉందని అడగాలి. అంతే. ఈశ్వరి మంచం పక్కన గంట కొట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి మంచం మీదున్న రోగికే జాలేసి, "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదేటి? కూకో" అని అడిగాడు. నైపుణ్యమంతా రోగికే ఉందని ఎగ్జామినరు రాసుకున్నారు.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. టర్ము చివర యూనివర్సిటీ నుంచి బయటి ఎగ్జామినరు వస్తారు. అప్పుడూ నోరు పెగలకపోతే సీటు పోతుంది. సీటు పోతే ఊరు. ఊళ్లో అక్క పైడితల్లి జీడిపప్పు బట్టీలో గింజలు కొడుతుంది. జీడి నూనె తగిలి తగిలి ఆమె వేళ్లు నల్లగా చిట్లిపోయాయి. ఈశ్వరి కాలేజీకి బయల్దేరిన రోజు బస్సు కిటికీ పట్టుకుని అక్క ఒకటే మాట అంది: "బట్టీలో నా పక్కన పీట ఎప్పుడూ కాలీగానే ఉంటాదే. నువ్వు మట్టుకు రాకు."

ఆ పీట ఈశ్వరికి కలల్లోకి కూడా వచ్చేది.

*

వాస్తవ రోగి ల్యాబులో పడుకోడు, వార్డులో పడుకుంటాడు. ఈ సంగతి మేడానికి రెండో వారంలో తట్టింది. కాలేజీ వెనకే ఆస్పత్రి. సత్యానందం గారిని స్ట్రెచరు మీద తీసుకెళ్లి చేర్పించబోయారు. కౌంటర్లో వయసు అడిగారు. తయారైన తేదీ ప్రకారం ఎనిమిది నెలలు. కంప్యూటరు ఆయన్ని చంటిపిల్లల వార్డుకు పంపింది. అక్కడి ఉయ్యాలలో కాళ్లు పట్టకపోవడంతో, 'వయసుకు మించిన ఎదుగుదల' అని రాసి మగవాళ్ల వార్డుకు మార్చారు.

మగవాళ్ల వార్డు సిస్టరు కరుణమ్మ గారు. ఆవిడ స్ట్రెచరు వంక చూడకుండానే, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అడుగుతున్న ప్రశ్న అడిగింది.

"వెంట ఎవరొచ్చారు?"

మన ఆస్పత్రుల్లో రోగి లేని అటెండెంటు ఉండొచ్చు గానీ అటెండెంటు లేని రోగి ఉండడానికి వీల్లేదు. మందులెవరు తేవాలి, రిపోర్టుల కోసం ఎవరు పరిగెత్తాలి, సిస్టరు చేత ఎవరు చీవాట్లు తినాలి? మేడం ముఖం వెలిగిపోయింది. ఇంత వాస్తవికత బెంగుళూరులో కూడా ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం ఈశ్వరికి కబురొచ్చింది.

"నీ విషయమై మేము దీర్ఘముగా ఆలోచించితిమి," అన్నారు మేడం. "మాట్లాడని రోగికి మాట్లాడని అటెండెంటు సముచితము. క్లాసులు ముగిసిన పిమ్మట యూనిఫారము విడిచి మామూలు దుస్తులతో వార్డునందు కూర్చొనవలెను. నేటి నుంచి నీవు సదరు రోగి యొక్క ఏకైక కుమార్తెవు."

"మేడం... నా పరీక్ష..."

"తండ్రి ఇట్టి స్థితిలో ఉండగా పరీక్షల ప్రస్తావన తెచ్చుట నీకు శోభించునా?"

ఈశ్వరికి చిన్న స్టూలూ, ఒక ఫ్లాస్కూ, స్టీలు క్యారియరూ ఇచ్చారు. క్యారియరు ఖాళీది.

*

సత్యానందం గారికి ఏడో నంబరు మంచం దొరికింది. వార్డులో తిన్నగా తిరిగే ఫ్యాను దాని మీదే ఉంది. గోడలోంచి వచ్చే ఆక్సిజను గొట్టం కూడా అక్కడే ఉంది. వాస్తవికత కోసం ఆయన ముక్కుకు మాస్కు తగిలించి, మెడదాకా దుప్పటి కప్పారు.

ఆ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని అప్పన్న తాత ఉన్నాడు. ఆయాసం మనిషి. మంచాలు ఖాళీ లేక వచ్చిన రోజు నుంచీ నేల మీదే. "ఈ సారి ఏ మంచం కాలీ అయినా నీదే తాతా" అని కరుణమ్మ గారు మాటిచ్చింది. ఏడో నంబరు ఖాళీ అయింది కూడా. దుప్పటి మార్చేలోపే సత్యానందం గారు వచ్చేశారు.

ఎనిమిదో మంచం మీద కామెర్ల మనిషి. ఆయన పెళ్లాం పెంటమ్మ ఆ వార్డు అటెండెంట్లందరికీ పెద్ద దిక్కు. ఏ డాక్టరు ఎప్పుడొస్తాడో, ఏ కొళాయిలో నీళ్లు బాగుంటాయో ఆమెను అడగాల్సిందే. మొదటి రోజే ఈశ్వరి పక్కకొచ్చి కూర్చుంది.

"మీ నాన్నేటమ్మా?"

కాదంటే ఏమిటో చెప్పాలి. ఆ మాట నిషేధం. అవునంటే అబద్ధం. ఈశ్వరి తల వంచుకుంది.

"పాపం, ఏడుపు గొంతుకి అడ్డం పడిపోనాది గుంటకి," అంది పెంటమ్మ వార్డంతటికీ వినబడేట్టు. "ఏటి జబ్బమ్మా?"

యూనిఫారంలో ఉన్న రోజ్‌లిన్ అప్పుడే వచ్చి ఆదుకుంది. "ఇంకా తేలలేదు పెద్దమ్మా. ఒళ్లంతా రబ్బరులాగా బిగుసుకుపోయింది."

"మా బావకీ అంతే," అన్నాడు తాత చాప మీంచి. "మోకాళ్ల కాడ మొదలెట్టి మెడకాయ దాకా పట్టీసింది."

సాయంత్రం కరెంటు పోయింది. ఆ ఊళ్లో సాయంత్రం కరెంటు పోవడం దీపాల వేళ ఒక ఆచారం. సత్యానందం గారి రెప్పలు ఆగిపోయాయి. ఊపిరి ఆగింది. నాడి లేదు. రూలు ప్రకారం గుండె ఆగిన వాస్తవ రోగికి ఏం చెయ్యాలో అది చెయ్యాలి కాబట్టి విద్యార్థినులు పరుగెత్తుకొచ్చి ఆయన రొమ్ము మీద పడి వంతులవారీగా నొక్కసాగారు. పెంటమ్మ గుండెలు బాదుకుంది. అంతలో కరెంటు వచ్చింది. ఆయన రెప్పలు టపటపా కొట్టి, "ఐ హావ్ పెయిన్" అన్నారు.

"వోలమ్మో! బతికీసేడు!" పెంటమ్మ పరుగున వెళ్లి ఆస్పత్రి గేటు దగ్గరి అమ్మవారి పటం ముందు నుంచి పసుపు తెచ్చి ఆయన నుదుట రాసింది. దద్దురు మరింత ముదిరిందని చార్టులో రాశారు.

అప్పట్నుంచి రోజూ దీపాల వేళకు సత్యానందం గారు పోయేవారు. కాసేపటికి వచ్చేవారు. వార్డుకు అలవాటైపోయింది. "మీ నాన్నది గట్టి పేణమే పిల్లా," అనేది పెంటమ్మ, తన క్యారియరులోంచి ఈశ్వరికి ఇంత అన్నమూ గోంగూర పచ్చడీ పెడుతూ. పక్కవాళ్లు తెచ్చిన టీ పోసేవారు. ఇంత మంది ఇంత జాలిగా చూస్తుంటే ఈశ్వరికి ఒకోసారి నిజంగానే ఏడుపొచ్చేది. అది చూసి ఇంకొంచెం పచ్చడి వేసేవారు.

*

రక్తపరీక్షల సంగతి ఇంకా ఉంది. రక్తం తియ్యడం నేర్చుకునే రోజున సత్యానందం గారి చేతిలోని గొట్టాల్లో ఎర్రనీళ్లు పొయ్యాలి. కంపెనీ ఇచ్చిన రంగు పొడి అయిపోవడంతో రోజ్‌లిన్ క్యాంటీనుకు వెళ్లి రోజా షర్బత్తు తెచ్చి పోసింది. తీసిన రక్తాన్ని అసలు రక్తం లాగే అసలు ల్యాబుకు పంపాలని మేడం ఉత్తరువు. పంపారు. చక్కెర చూసే మిషను పైదాకా వెళ్లి ఆగిపోయింది.

మర్నాడు సూపరింటెండెంటు పట్నాయక్ గారు రౌండ్సుకు వచ్చారు. ఆయన రోగుల్ని చూడరు, రిపోర్టుల్ని చూస్తారు. మనుషులు అబద్ధాలు చెబుతారనీ కాగితాలు చెప్పవనీ ఆయన నమ్మకం.

"ఇంత షుగరుతో మనిషి బతికుండుట వైద్యశాస్త్రమునకే సవాలు," అన్నారు కాగితం మీంచి తల ఎత్తకుండా. "పైగా దినదినము గుండె ఆగుచున్నది. ఈ వార్డులో ఇంతకన్న సీరియస్ కేసు లేదు. నేను చెప్పువరకు డిశ్చార్జి ప్రసక్తే రాకూడదు."

కరుణమ్మ గారు ఏదో చెప్పబోయింది. గుమ్మంలో నిలబడ్డ ప్రిన్సిపాల్ మేడం చూపుడు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. కరుణమ్మ గారికి పింఛను దగ్గర పడింది. మాట మింగేసింది.

ఆ రోజు నుంచి ఆయనకు ప్రత్యేకాహారం రాసిచ్చారు. పొద్దున ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం చపాతీలు. ముట్టకపోతే 'ఆహారము నిరాకరించుచున్నాడు' అని రాసి ముక్కులోకి గొట్టం వేస్తారు. ఈశ్వరి గుడ్డును ఎవరూ చూడకుండా చాప మీదికి జరిపేది. తాత తినేవాడు. 'రోగి ఆకలి సంతృప్తికరము' అని చార్టులో రాసేవారు.

"మీ నాన్న మంచోడు," అనేవాడు తాత, గుడ్డు నములుతూ. "ఎంతసేపు మాట్టాడినా మద్దిలో అడ్డం రాడు. మా ఊళ్లో ఇలాటి మనిసి ఒక్కడుంటే పెసిడెంటుకి నిలబెట్టీవోళ్లం."

ఆ మాట ఈశ్వరి మనసులో పడింది. నిజమే, ఈయన అడ్డం రాడు. ముఖం చూడడు. జవాబు కోసం కాచుకుని కూర్చోడు. ఒక మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తున్నప్పుడు ఆమె సత్యానందం గారి చెవి దగ్గరికి వంగి, గొణుగుతున్నట్టు అంది:

"నమస్కారమండీ. నా పేరు ఈశ్వరి. మీకు ఎలా ఉంది?"

"ఐ హావ్ పెయిన్" అన్నారాయన.

ఈశ్వరి ఉలిక్కిపడింది. తర్వాత నవ్వుకుంది. మర్నాడు ఇంకో రెండు మాటలు చెప్పింది. ఆ తర్వాత రోజూ చెప్పేది. పరీక్ష మాటలే కాదు, నాయనమ్మ కాలి పుండు సంగతీ, అక్క వేళ్ల సంగతీ, పీట సంగతీ అన్నీ. చాప మీద తాత కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఆయన విన్నాడో లేదో ఆమె ఆలోచించలేదు.

బయటి ఎగ్జామినరు వచ్చే రోజు ఖరారైంది. మేడం స్వయంగా నోటీసు చదివారు. ఈసారి సంభాషణా నైపుణ్యం పరీక్ష ఏడో నంబరు మంచం రోగి మీద జరుగుతుంది. అందరూ అయ్యాక, చిట్టచివర, ఈశ్వరి యూనిఫారం తొడుక్కుని అదే రోగితో మాట్లాడాలి.

ఈశ్వరి ఆ రాత్రి హాస్టలు మంచం మీద హాయిగా నిద్రపోయింది. ఏడో నంబరు రోగితోనా! అది రోజూ చేసే పనే. పీట ఇక ఖాళీగానే ఉండిపోతుంది. ఆయన మంచం మీద ఉంటే చాలు.

*

ఆ వారమంతా ముసురు పట్టింది. వార్డు నేల చెమ్మెక్కి చాపలు తడిసిపోయాయి. పరీక్ష రోజు పొద్దుటికి తాత మాటలు తగ్గాయి. గుడ్డు వద్దన్నాడు.

ఎగ్జామినరు విమలాబాయి గారు పొట్టిగా, చేతిలో గొడుగుతో వచ్చారు. వెనక మేడం, పట్నాయక్ గారు, తెల్లటి యూనిఫారాల వరస. ఒక్కొక్కరే వచ్చి సత్యానందం గారికి నమస్కరించి ఎలా ఉందని అడుగుతున్నారు. ఆయన ఒక్కొక్కరికీ ఒకటే చెబుతున్నారు. ఈశ్వరి తన వంతు వచ్చేదాకా అటెండెంటే కాబట్టి పరికిణీ ఓణీలో స్టూలు మీద ఉంది.

ఆమె చూపు మామూలుగానే నేల మీద ఉంది. అందుకే తాత పెదవులు ముందుగా ఆమెకే కనబడ్డాయి. నీలంగా ఉన్నాయి. రొమ్ము ఎగిరి ఎగిరి పడుతోంది. మెడ దగ్గర గుంట పడుతోంది.

ఈశ్వరి లేచి వెళ్లి కరుణమ్మ గారి చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. ఆవిడ ఒక్క చూపు చూసి పట్నాయక్ గారి దగ్గరికి పరిగెత్తింది.

"సార్, తాతకి అర్జంటుగా ఆక్సిజను కావాలి. సిలిండర్లు రెండూ ఆపరేషను థియేటరుకి ఎల్లిపోయాయి. ఇంక ఏడో నంబరు గొట్టమే ఉంది, అది నేల దాకా అందదు. ఆ... ఏడో నంబరు ఆయన్ని కాస్త దింపితే..."

"ఏడో నంబరునా?" పట్నాయక్ గారు ఫైలు తెరిచారు. "నీకు మతి ఉన్నదా సిస్టర్? ఈ షుగరు చూడు. ఈ గుండె చూడు. సీరియస్ కేసును దింపి నేల కేసును ఎక్కించవలెనా? థియేటరుకు కబురు పంపుము."

"పరీక్షా సమయమందు వాస్తవికతకు భంగము వాటిల్లరాదు," అన్నారు మేడం.

కరుణమ్మ గారు ఆయా కోసం కేక వేసింది. థియేటరు పై అంతస్తులో, ఆ చివర ఉంది.

స్టూడెంటు నర్సు డాక్టరు చెప్పందే రోగిని కదపకూడదు. సిస్టరు కదపలేదు. డాక్టరు కదపడు. మరెవరు? ఈశ్వరి ఇన్నాళ్లు ఆ స్టూలు మీద ఊరికే కూర్చోలేదు. ఆ ఆస్పత్రిలో ఎవరూ ఆపలేని మనిషి ఒకే రకం: కోపమొచ్చిన రోగి బంధువు. నిన్న గాక మొన్న మూడో నంబరు ఆయన బావమరిది వచ్చి చెయ్యి తిప్పుతూ అరిచి, సెలైను సీసాతో సహా రోగిని ఆటోలో వేసుకుపోయాడు. పట్నాయక్ గారు ఎప్పుడూ అనే మాటే అన్నారు. ఆ మాట ఆయనకు తుమ్ములాగా దానంతటదే వస్తుంది.

ఈశ్వరి సత్యానందం గారి వంక చూసింది. ఆయన పోతే పరీక్ష పోతుంది. పీట కళ్ల ముందు కనబడింది. తాత గొంతులో పిల్లి కూసినట్టు కూసింది.

ఆమె ఓణీ నడుముకు బిగించింది.

"నాకక్కర్లేదీ వైద్దికం!"

వార్డు గిర్రున తిరిగి చూసింది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో మొదట ఈశ్వరికే తెలియలేదు.

"ఎన్నాళ్లయింది మా నాన్నని ఈ మంచమ్మీద ఏసి? లేసేడా? కూకున్నాడా? నాతోటి ఒక్క మాట తెలుగులో మాట్టాడేడా? రోజూ దీపాలేలకి సంపీడం, మల్లీ లేపడం! ఒక్క పూటైనా పేణం కుదురుగా ఉండనిచ్చేరా? రాసుకోడానికి అందరూ వచ్చీవోళ్లే, సూసీవోడు ఒక్కడు నేడు! నాకొద్దు. మా నాన్నని నాను తీస్కుపోతాను!"

"అద్దీ! అడగమ్మా అడుగు!" పెంటమ్మ ఎనిమిదో మంచం దగ్గర్నుంచి కొంగు దోపుకుంటూ వచ్చింది. "నోరు నేని గుంటని ఎన్నాళ్లు ఏడిపిత్తారు? ఎవుడాపుతాడో నానూ సూత్తాను!"

అటెండెంట్లందరూ లేచారు. ఎవరి కడుపులో ఉన్నది వాళ్లు అరవడం మొదలెట్టారు.

పట్నాయక్ గారు ఫైలు మీంచి తల ఎత్తలేదు. "మా బాధ్యత లేదు. సంతకం పెట్టి తీసుకుపొండి," అన్నారు.

"ఆగుడు!" ప్రిన్సిపాల్ మేడం చేతులు చాచి అడ్డం వచ్చారు. "తీసుకుపోరాదు! అది... అది కేవలము..."

అక్కడ ఆగిపోయారు. ఆ తర్వాత రావలసిన మాట ఒక్కటే ఉంది. ఆ మాటను ప్రాంగణమంతటా నిషేధించింది ఆవిడే. విద్యార్థినులందరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు.

"అది కేవలము... అనగా వారు... సదరు రోగి కళాశాల యొక్క ఆస్తి!"

"రోగి కాలేజీ ఆస్తి ఎలా అవుతాడమ్మా?" అన్నారు విమలాబాయి గారు గొడుగు చంకలో పెట్టుకుంటూ. "కూతురు వచ్చి తీసుకుపోతానంటే ఆపడానికి మనమెవరం? మరీ వాస్తవంగా ఉందే ఈ వార్డు!"

 

రోజ్‌లిన్ తల వైపు పట్టుకుంది. పెంటమ్మ కాళ్లు పట్టుకుంది. "రాయిలాగున్నాడే! తిండి నేకపోయినా ఒల్లు తగ్గనేదు," అంది ఎత్తుతూ. ఈశ్వరి ఫైలులో సంతకం గీకి, మాస్కు తీసేసి, గోడలోంచి ప్లగ్గు లాగబోయింది. సత్యానందం గారి గొంతులోంచి ఇంతవరకూ ఎవరూ వినని మాట ఒకటి వచ్చింది.

"ఐ యామ్ ఫీలింగ్ బెటర్."

ఆయన స్ట్రెచరు గుమ్మం దాటకముందే కరుణమ్మ గారు తాతను మంచం మీదికి చేర్చి మాస్కు పెట్టేసింది. అందరూ సత్యానందం గారి వెనక పోతుంటే ఈశ్వరి అక్కడే ఉండిపోయింది. కాసేపటికి మెడ దగ్గర గుంట తగ్గింది. ఇంకాసేపటికి పెదవులకు రంగు వచ్చింది. 

"నీ పరీక్ష మిగిలింది కదమ్మా," అన్నారు వెనకనుంచి విమలాబాయి గారు, ఆ పిల్ల ఎవరో కరుణమ్మ గారి నోట విని. "నీ రోగి ఏడీ?"

"ఆమెకు రోగి లేడు," అన్నారు మేడం. గొంతులో చాలాసేపటి తర్వాత సంతోషం వినబడింది. "తానే స్వయముగా పంపివేసినది. కావున పరీక్ష లేనట్లే."

ఈశ్వరి నేల చూసింది. నేల మీద ఖాళీ చాప ఉంది. తల ఎత్తింది.

"నోటీసులో ఏడో నంబరు మంచం రోగి అని చదివేరు మేడం. ఏడో నంబరు మంచం మీద ఉన్నాడు కదండీ."

విమలాబాయి గారు స్టూలు జరుపుకుని కూర్చున్నారు. "కానియ్ మరి."

ఈశ్వరి మంచం దగ్గరికి నడిచింది. నమస్కారం, నా పేరు ఫలానా, అన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి. వంగి తాత నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఎలగుంది తాతా?"

తాత మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. ఎలగుందో చెప్పాడు. ఆయాసం ఎప్పుడు మొదలైందీ, ముసురులో ఎలా ఎక్కువైందీ, కోడలు ఎలా చూస్తుందీ, చాప ఎంత చల్లగా ఉందీ అన్నీ చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డం రాలేదు. అది ఎక్కడ నేర్చుకుందో ఎగ్జామినరుకు తెలియదు. మార్కులు మాత్రం వేశారు.

*

ఆ సాయంత్రం ఈశ్వరి అక్కకు ఫోన్ చేసి, "నీ పక్కన పీట ఎవలికన్నా ఇచ్చీ" అంది. అవతల గింజలు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

సత్యానందం గారు పోర్టికోలో స్ట్రెచరు మీదే ఉన్నారు. ఒకసారి సంతకం పెట్టి తీసుకుపోయిన రోగిని బంధువుల అంగీకారం లేకుండా తిరిగి చేర్చుకోకూడదని ఆస్పత్రి రూలు. ప్రిన్సిపాల్ మేడం ఈశ్వరిని పిలిపించి, తండ్రి ఆరోగ్య దృష్ట్యా పునఃప్రవేశమునకు సమ్మతించవలసినదని కోరారు. ఈశ్వరి, వార్డులో వద్దు, ల్యాబులో అయితే సరే అంది. ఆ మాట ఆమె అంత గట్టిగా అనక్కర్లేదు, కానీ గొంతు ఇంకా లోపలికి పోలేదు.

మేడం ఓడిపోయే మనిషి కాదు. వారం తిరక్కుండానే మైకు ముందుకొచ్చారు.

"ఇటీవల సంభవించిన ఘటనను కళాశాల ముందుగానే యోచించి నిర్వహించినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. రోగి బంధువుల ఆగ్రహావేశములు అను నూతన పాఠ్యాంశము ప్రవేశపెట్టబడుచున్నది. ప్రతి గురువారము శ్రీ సత్యానందం గారి మంచము చెంత కుమారి తవిటేశ్వరి అరచును. తక్కినవారు ఆమెను శాంతింపజేయవలెను."

అలా ఆ కాలేజీలో గొంతెత్తడానికి భయపడే పిల్ల టైంటేబులు ప్రకారం అరవడం మొదలుపెట్టింది. రోజ్‌లిన్ ఆమెను ఎన్నడూ శాంతింపజేయలేకపోయింది, నవ్వు ఆగక.

ఒక గురువారం ఆమె అరుపు సగంలో ఉండగా ల్యాబు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. అప్పన్న తాత. చేతిలో మందుల సంచీ, చంకలో చుట్టిన చాప. డిశ్చార్జి అయ్యి ఇంటికి పోతున్నాడు. కొడుకు బయట ఆటోలో ఉన్నాడు. తాత లోపలికి తొంగి చూసి, నుదుటి మీద కుంకుమా పసుపూ కలిసిన సత్యానందం గారిని పైనుంచి కిందిదాకా పరీక్షగా చూశాడు. మీసం కింద నవ్వాడు.

"మీ నాన్న ఎలగున్నాడమ్మా?"

"బాగానే ఉన్నాడు తాతా," అంది ఈశ్వరి. "తెలుగు మాటలే ఇంకా రానేదు."

"పోన్లే," అన్నాడు తాత, చాప సర్దుకుని వెనక్కి తిరుగుతూ. "కూతురికి వచ్చీసేయి కదా. ఇంటికొక్క నోరుంటే సాల్లే."